ఇన్ఫినిటీ వార్డ్ రాసిన రూల్స్, ట్రెయార్క్ కాపాడిన ఆట

కాల్ ఆఫ్ డ్యూటీ అనే షూటింగ్ ఆటల సిరీస్‌లో 2019లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్‌ని ఏడాదిపాటు ఆడి, ఆ మరుసటి ఏడు బ్లాక్ ఆప్స్ కోల్డ్ వార్‌లోకి వెళ్ళినవాళ్ళని అడిగి చూడండి, మొదటి రోజు చాలామందికి జరిగింది ఇదే. ఎదురుగా ఒకడు కనపడతాడు, చెయ్యి అలవాటు కొద్దీ ఎన్ని బుల్లెట్లు కొట్టాలో అన్నీ కొట్టేస్తుంది, వీడి పని అయిపోయిందని మనం పక్కకి తిరుగుతాం, వాడు చూస్తే ఇంకా నిలబడే ఉంటాడు, మనల్నే లేపేస్తాడు. సరేలే అని ఈసారి ఒక మూల నక్కి ఇద్దర్ని కొడితే మూడోవాడు ఎక్కడా వెతక్కుండా నేరుగా మన దగ్గరికే వచ్చేస్తాడు. వీడికెలా తెలిసింది అంటే, సైలెన్సర్ లేని గన్ పేల్చాం కాబట్టి వాడి మినీమ్యాప్‌లో (తెర మూలన కనపడే చిన్న మ్యాప్) మనమున్న చోట ఎర్ర చుక్క పడింది. మోడర్న్ వార్‌ఫేర్‌లో ఆ చుక్క పడదు, పైన యూఏవీ (శత్రువుల్ని మ్యాప్‌లో చూపించే డ్రోన్) తిరుగుతుంటే తప్ప.

పేరు రెండింటికీ కాల్ ఆఫ్ డ్యూటీనే, అమ్మిన కంపెనీ యాక్టివిజనే. కానీ మొదటిది చేసింది ఇన్ఫినిటీ వార్డ్ అనే స్టూడియో, రెండోది ట్రెయార్క్, రేవెన్ అనే వేరే స్టూడియోలు కలిసి చేశాయి. మోడర్న్ వార్‌ఫేర్‌లో ఆటగాడి హెల్త్ 100, కోల్డ్ వార్‌లో 150. చూడ్డానికి చిన్న నంబరే గానీ ఆట స్వభావం మొత్తం అక్కడే మారిపోతుంది, ఎందుకంటే 100 ఉన్నచోట ఎవడు ముందు చూస్తే వాడే గెలుస్తాడు, 150 ఉన్నచోట దెబ్బ తిన్నవాడికి వెనక్కి తిరిగి కొట్టే టైమ్ దొరుకుతుంది, అంటే గురి, కదలిక బాగున్నవాడికి లాభం.

దీని మీద ఆటగాళ్ళు ఎన్నో ఏళ్ళుగా రెండు పార్టీలుగా విడిపోయి కొట్టుకుంటున్నారు. ఇన్ఫినిటీ వార్డే ఒరిజినల్, ట్రెయార్క్ ఎప్పుడూ రెండో టీమే అని ఒక వాదన. అది పాత మాట, ఇన్ఫినిటీ వార్డ్‌కి ఆటగాళ్ళంటే లెక్కే లేదు, మనల్ని పట్టించుకునేది ట్రెయార్కే అని రెండో వాదన. నేను రెండూ నమ్మి చూశాను, టైమ్‌ని బట్టి. ఇప్పుడు నాకనిపించేది ఏంటంటే రెండు వాదనలూ స్టూడియో పేరుని ఒక మనిషి అనుకుని మాట్లాడుతున్నాయి. పేరు ఉన్నచోటే ఉంది, మనుషులు వెళ్ళిపోయారు, వాళ్ళు రాసిన రూల్స్ పక్క ఇంటికి చేరాయి. అది ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్తా.

2002లో మెడల్ ఆఫ్ హానర్ అలైడ్ అసాల్ట్ అనే ఆట వచ్చింది, అమ్మింది ఈఏ అనే కంపెనీ, చేసింది అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఉన్న 2015 అనే స్టూడియో (అది ఏడాది కాదు, స్టూడియో పేరే అది). ఆ టీమ్‌లోంచి 22 మంది బయటికొచ్చేసి కొత్త స్టూడియో పెట్టుకున్నారు, అదే ఇన్ఫినిటీ వార్డ్. దాన్ని పెట్టినవాళ్ళు గ్రాంట్ కొలియర్, జేసన్ వెస్ట్, విన్స్ జాంపెల్లా. వీళ్ళకి డబ్బు పెట్టింది యాక్టివిజన్, ముందు కొంత వాటా తీసుకుని 2003లో మొదటి కాల్ ఆఫ్ డ్యూటీ వచ్చిన ఏడాదే స్టూడియో మొత్తాన్నీ కొనేసింది. అంటే ఈ సిరీస్ పుట్టిందే తమ పాత ఆటని ఓడించాలన్న కసితో.

ట్రెయార్క్ కథ వేరు. 1996లో పీటర్ ఏకెమన్, డోవాన్ కోక్సల్ అనే ఇద్దరు పెట్టారు, 2001లో యాక్టివిజన్ కొంది. వాళ్ళకి పేరు తెచ్చింది షూటర్లు కాదు, 2002లో, 2004లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ ఆటలు. 2005లో గ్రే మ్యాటర్ అనే స్టూడియోని వీళ్ళలో కలిపేశారు, ఆ గ్రే మ్యాటర్ అప్పటికే మొదటి కాల్ ఆఫ్ డ్యూటీకి యునైటెడ్ ఆఫెన్సివ్ అనే అదనపు భాగం చేసి ఉంది. అలా సిరీస్‌లోకి వచ్చింది ట్రెయార్క్. పిలిచి పెద్దపీట వేసి కాదు, ఖాళీ నింపడానికి.

ఆ ఖాళీ ఏంటో అర్థమైతే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 2005లో కాల్ ఆఫ్ డ్యూటీ 2 ఎక్స్‌బాక్స్ 360తో పాటే విడుదలై బాగా ఆడింది, యాక్టివిజన్‌కి ప్రతి ఏడూ ఒక ఆట కావాలనిపించింది. ఇన్ఫినిటీ వార్డ్‌కి ఒక ఆటకి రెండేళ్ళు కావాలి, పైగా వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం వదిలేసి ఇప్పటి కాలం యుద్ధంలోకి వెళ్దామని చూస్తున్నారు. మరి మధ్యలో ఏడు ఎవరు చెయ్యాలి? ట్రెయార్క్. 2006లో కాల్ ఆఫ్ డ్యూటీ 3 ని వాళ్ళు సుమారు ఎనిమిది నెలల్లో చేశారు. ఎనిమిది నెలలు! ఆ ఆట బాగోలేదని తిట్టినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. ట్రెయార్క్ రెండో టీమ్ అనే ముద్ర అక్కడే పడింది, అది పోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

2007లో ఇన్ఫినిటీ వార్డ్ కాల్ ఆఫ్ డ్యూటీ 4 తెచ్చింది, మోడర్న్ వార్‌ఫేర్ పేరుతో. ఇప్పుడు మనం ఏ ఆన్‌లైన్ షూటర్‌లో చూసినా మామూలే అనిపించే సరంజామా అంతా ఒకే ఆటలో కుదురుగా కనిపించింది అక్కడే. ఆడేకొద్దీ లెవల్ పెరగడం, మన క్లాస్ (ఏ గన్, ఏ సామాను పట్టుకెళ్ళాలో) మనమే తయారుచేసుకోవడం, పెర్కులు (మన ఆటగాడికి పెట్టుకునే అదనపు శక్తులు), చావకుండా ముగ్గుర్ని కొడితే యూఏవీ, ఐదుగుర్ని కొడితే ఎయిర్‌స్ట్రైక్, ఏడుగుర్ని కొడితే హెలికాప్టర్. గన్ పేలిస్తే మినీమ్యాప్‌లో ఎర్ర చుక్క పడటం, అడుగుల చప్పుడు వినపడకుండా చేసే పెర్కు, ఇవి కూడా ఆ ఆటలోవే. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

మరుసటి ఏడు ట్రెయార్క్ అదే ఇంజిన్ (ఆటని నడిపే సాఫ్ట్‌వేర్) తీసుకుని వరల్డ్ ఎట్ వార్ చేసింది, మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధం. జనం వెనక్కి వెళ్ళారు అన్నారు. కానీ ఆ ఆటలో కథ అంతా పూర్తయి క్రెడిట్స్ పడ్డాక ఎవరూ ఊహించనిది ఒకటి మొదలవుతుంది. పాడుబడిన ఎయిర్‌ఫీల్డ్‌లో ఒక బంకర్, కిటికీలకి చెక్కలు, బయటనుంచి జాంబీలు ఆ చెక్కలు పీకుతుంటారు, మనం కొడుతూ మధ్యమధ్యలో చెక్కలు మళ్ళీ బిగిస్తూ ఉండాలి, కొట్టినందుకు పాయింట్లు వస్తాయి, వాటితో గోడ మీద గన్ కొనాలి లేదా మిస్టరీ బాక్స్ తెరిచి ఏది వస్తే అది తీసుకోవాలి. గెలవడం అనేది లేదు, ఎంతసేపు నిలబడ్డామన్నదే లెక్క. నాఖ్ట్ డెర్ ఉన్‌టోటెన్ దాని పేరు. స్టూడియోలో కొద్దిమంది అసలు పనికి పక్కన చేసుకున్నది అది, ఇవాళ దాన్ని ఆడటానికే బ్లాక్ ఆప్స్ తీసుకునేవాళ్ళు ఉన్నారు. ఇన్ఫినిటీ వార్డ్ తర్వాత తర్వాత సర్వైవల్ అని, ఘోస్ట్స్ అనే ఆటలో ఏలియన్లతో ఎక్స్‌టింక్షన్ అని, చివరికి 2016లో నేరుగా జాంబీసే పెట్టి చూసింది, ఏదీ అంత గట్టిగా పాతుకోలేదు.

ఇక 2009. మోడర్న్ వార్‌ఫేర్ 2. మొదటి రోజే ఉత్తర అమెరికా, బ్రిటన్ కలిపి 47 లక్షల కాపీలు, సుమారు 31 కోట్ల డాలర్లు. నాకు తెలిసి ఇంత సరదాగా, ఇంత అన్యాయంగా ఉన్న మల్టీప్లేయర్ ఇంకోటి లేదు. ఎలాగో దగ్గర్నుంచి చూపిస్తా. మీరు ఎలాగో తంటాలు పడి ఏడుగుర్ని కొట్టారు, హారియర్ అనే యుద్ధవిమానం వచ్చింది. అది బాంబులేసి పోదు, మ్యాప్ మీద నిలబడి దొరికినవాళ్ళని దొరికినట్టు కొడుతుంది, మీరు ఒక గదిలో కూర్చున్నా సరే. అది కొట్టినవి కూడా మీ లెక్కలోకే వస్తాయి. అలా 11 అయ్యేసరికి చాపర్ గన్నర్, ఇప్పుడు మీరే హెలికాప్టర్లో కూర్చుని కింద కనపడే ప్రతి ఎర్ర పెట్టె మీదా కాల్చడం. అవీ లెక్కలోకే. 25 అయితే న్యూక్, అంటే అణుబాంబు, పది సెకన్ల కౌంట్‌డౌన్, స్కోరు ఎంతున్నా సరే మ్యాచ్ మీదే. అంటే సొంతంగా కొట్టింది ఏడుగుర్ని, మిగతాదంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చింది. కొట్టేవాడికి పండగ, అవతలి టీమ్‌కి ఎందుకు ఆడుతున్నామో తెలీని పదినిమిషాలు.

2010లో ట్రెయార్క్ బ్లాక్ ఆప్స్ వచ్చింది, వాళ్ళు చేసిన మొదటి పని ఆ గొలుసు తెంపడం. కిల్‌స్ట్రీక్‌తో (హారియర్ లాగా, చావకుండా వరసగా కొట్టినందుకు దక్కేది) వచ్చిన కిల్స్ తర్వాతి కిల్‌స్ట్రీక్‌కి లెక్కలోకి రావు, అంతే. స్టాపింగ్ పవర్ అని బుల్లెట్ దెబ్బ పెంచే పెర్కు ఉండేది, అందరూ అదే పెట్టుకునేవాళ్ళు, దాన్నీ తీసేశారు. న్యూక్ లేదు. కొత్తగా కనిపెట్టింది తక్కువ, ఉన్నదాన్ని సరిచేసింది ఎక్కువ. ట్రెయార్క్ అంటే ఏంటో నన్ను ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్తా, వేరేవాళ్ళు కట్టిన ఇంట్లోకి వచ్చి తలుపులన్నీ సరిగ్గా పడేలా చేసేవాళ్ళు. ఇంకొకరి ఇంజిన్ మీద, తక్కువ టైమ్‌లో పనిచెయ్యాల్సి వచ్చినప్పుడు చేతికొచ్చే విద్య అదే కదా, అన్నీ మొదట్నుంచి కట్టే తీరిక లేదు, రూల్స్ మీదే బుర్ర పెట్టాలి.

2012లో బ్లాక్ ఆప్స్ 2లో ఇది ఇంకా పదునెక్కింది. పిక్ 10 అని పెట్టారు, మీ చేతిలో పది పాయింట్లు, గన్ ఒకటి, దానికి పెట్టే ప్రతి అటాచ్‌మెంట్ ఒకటి, పెర్కు ఒకటి, గ్రెనేడ్ ఒకటి. పిస్టల్ అక్కర్లేదా, తీసేసి ఆ పాయింటుతో ఇంకోటి పెట్టుకోండి. కిల్‌స్ట్రీక్ పోయి స్కోర్‌స్ట్రీక్ వచ్చింది, మనుషుల్ని కొట్టడమే కాదు, జెండా పట్టినా, పాయింట్ కాపాడినా లెక్కే, దాంతో మూలన కూర్చునేవాడి కంటే మ్యాచ్ గెలవడానికి తిరిగేవాడికి ఎక్కువ దక్కింది. మ్యాపులు కూడా చూడండి, రెయిడ్, స్టాండాఫ్ లాంటివి మూడు దారుల మ్యాపులు, ఎడమ, మధ్య, కుడి, వాటిని కలిపే అడ్డదారులు. మన టీమ్ ఎక్కడుందో చూస్తే అవతలివాళ్ళు చచ్చాక మళ్ళీ ఎక్కడ పుడతారో దాదాపు ఊహించొచ్చు. కొత్తవాడు చచ్చినా ఎందుకు చచ్చాడో వాడికి అర్థమవుతుంది. టోర్నమెంట్లు ఆడేవాళ్ళకి బ్లాక్ ఆప్స్ 2 మీద ఇప్పటికీ అంత ప్రేమ ఉందంటే కారణం ఇదే.

ఇంత లోతుగా రూల్స్ పట్టించుకునేవాళ్ళకి దక్కిన మర్యాద ఏంటో కూడా చెప్పాలి. 2013లో ఒక ప్యాచ్‌లో, అంటే ఆటకి వచ్చే అప్‌డేట్‌లో, డీఎస్ఆర్ 50 అనే స్నైపర్ గన్‌కి షాట్‌కి షాట్‌కి మధ్య గ్యాప్‌ని 0.2 సెకన్ల నుంచి 0.4 సెకన్లకి పెంచారు. డిజైన్ డైరెక్టర్ డేవిడ్ వాండర్‌హార్ ఆ సంగతి బయటికి చెప్పగానే ఆయన్ని చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఐదోవంతు సెకను కోసం. ఇష్టమైన ఆట అని చెప్పుకుంటూ దాన్ని చేసినవాళ్ళతో అలా మాట్లాడటం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సరే, మరి ఈలోపు ఇన్ఫినిటీ వార్డ్‌కి ఏమైంది? ఈ కథ మొత్తం తిరిగింది అక్కడే. 2010 మార్చిలో, అంటే మోడర్న్ వార్‌ఫేర్ 2 లాంటి పెద్ద హిట్ ఇచ్చిన నాలుగు నెలలకి, యాక్టివిజన్ జేసన్ వెస్ట్‌ని, విన్స్ జాంపెల్లాని ఉద్యోగంలోంచి తీసేసింది. క్రమశిక్షణ తప్పారని, నమ్మకద్రోహమని కంపెనీ మాట, మాకు రావాల్సిన రాయల్టీ ఎగ్గొట్టడానికే అని వాళ్ళ మాట. కోర్టుకెళ్ళారు. మాకు బోనస్‌లు ఇవ్వలేదని 38 మంది ఉద్యోగులు విడిగా ఇంకో కేసు వేశారు. 2012లో విచారణ మొదలయ్యే ముందు రాజీ కుదిరింది. ఈలోపు వెస్ట్, జాంపెల్లా ఈఏ అండతో రెస్పాన్ అనే స్టూడియో పెట్టేశారు, పాత టీమ్‌లో చాలామంది వాళ్ళ వెనకే వెళ్ళారు, తర్వాత ఆ స్టూడియో టైటన్‌ఫాల్, ఏపెక్స్ లెజెండ్స్ చేసింది. చూడండి ఎలా తిరిగిందో, ఈఏ ఆటని వదిలి యాక్టివిజన్ దగ్గరికి వచ్చినవాళ్ళు మళ్ళీ ఈఏ దగ్గరికే.

2011లో మోడర్న్ వార్‌ఫేర్ 3 పూర్తి చెయ్యడానికి ఇన్ఫినిటీ వార్డ్ ఒక్కదానివల్లా కాలేదు, 2009లో గ్లెన్ స్కోఫీల్డ్, మైఖేల్ కాండ్రీ పెట్టిన స్లెడ్జ్‌హామర్ వచ్చి చెయ్యి వేసింది. కాబట్టి ఎవరైనా "2007లో అంత గొప్ప ఆట చేసినవాళ్ళు ఘోస్ట్స్ లాంటి చప్ప ఆట ఎలా చేశారు" అంటే దానికి జవాబు సింపుల్, వాళ్ళలో చాలామంది అక్కడ లేరు. 2016లో ఇన్ఫినిట్ వార్‌ఫేర్ ట్రైలర్‌కి యూట్యూబ్‌లో 30 లక్షలకి పైగా డిస్‌లైకులు పడ్డాయి, అంతరిక్షం, జెట్‌ప్యాకులు జనానికి అప్పటికే మొహం మొత్తాయి. నిజానికి ఆ ఆట కథ బాగుంటుంది, ట్రైలర్ చూసి వదిలేసినవాళ్ళు ఇప్పుడైనా ఆడొచ్చు.

ఇక్కడ స్లెడ్జ్‌హామర్ గురించి ఒక మాట. 2014 నుంచి మూడు స్టూడియోలు వంతులవారీగా, ఒక్కోదానికి మూడేళ్ళు. అందరికీ టైమ్ దొరికిందనుకుంటాం, కానీ ఒక వంతు తప్పితే భారం పక్కవాడి మీద పడుతుంది. 2020 ఆట, అంటే కోల్డ్ వార్ వచ్చిన వంతు, అసలు స్లెడ్జ్‌హామర్, రేవెన్ కలిసి చెయ్యాల్సిందని, అది కుదరకపోవడంతో ట్రెయార్క్‌ని ఏడాది ముందుకి లాగారని 2019లోనే వార్తలొచ్చాయి. 2006లో ఖాళీ నింపింది వాళ్ళే, మళ్ళీ వాళ్ళే. అందుకే ఏ ఆటైనా బాగోలేదంటే నేను ముందు చూసేది స్టూడియో పేరు కాదు, వాళ్ళకి ఎన్ని నెలలు ఇచ్చారు అని. 2024లో బ్లాక్ ఆప్స్ 6 కి ట్రెయార్క్‌కి నాలుగేళ్ళు దొరికాయి, ఏ దిక్కుకైనా పరిగెత్తడం, జారడం, దూకడం కుదిరే ఆమ్నీమూవ్‌మెంట్ వచ్చింది. టైమ్ ఉంటే వాళ్ళూ పునాది నుంచి కట్టగలరు.

2019లో మోడర్న్ వార్‌ఫేర్ అనే పాత పేరుతోనే కొత్త ఆట చేసిన ఇన్ఫినిటీ వార్డ్ అంటే పేరు పాతది, స్టూడియో దాదాపు కొత్తది. కథ, డిజైన్ నడిపినవాళ్ళలో నాటీ డాగ్ అనే వేరే స్టూడియో నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఇంజిన్ని కిందనుంచి పైదాకా మార్చేశారు, పోలెండ్‌లో ఒక బ్రాంచి కూడా పెట్టారు. ఆ గన్నుల సంగతి ఒప్పుకుని తీరాలి. రీలోడ్ చేస్తుంటే చేతి బరువు తెలుస్తుంది, గదిలో పేల్చిన శబ్దం వేరు, వీధిలో పేల్చిన శబ్దం వేరు, గన్ భాగాలు మార్చుకునే గన్‌స్మిత్‌లో ఒక బ్యారెల్ మారిస్తే గన్ ఆకారమే మారిపోతుంది. ఇన్ఫినిటీ వార్డ్ ఎప్పుడూ ఇంతే, పునాదుల్లో వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు. కానీ రూల్స్ చూడండి. ఎర్ర చుక్క తీసేశారు. అడుగుల చప్పుడు ఆపే పెర్కుని పెర్కుల్లోంచి తీసి కాసేపే పనిచేసే ఫీల్డ్ అప్‌గ్రేడ్‌గా పెట్టారు. తలుపులు వచ్చాయి, కిటికీకి గన్ ఆనించి కాల్చడం వచ్చింది, పికడిల్లీ లాంటి మ్యాపుల్లో ఎటునుంచి కొడుతున్నారో తెలీదు. కొత్తవాడు భయపడకుండా ఒకచోట కూర్చుని నాలుగు కిల్స్ తెచ్చుకోవాలన్నది ఆలోచన, చెడ్డ ఆలోచనని నేననను, కొత్తవాళ్ళు లేకపోతే ఏ ఆటా బతకదు. కానీ పరిగెత్తేవాడి అడుగులు అందరికీ వినపడుతూ, కూర్చుని కాల్చేవాడు ఎవరికీ కనపడకుండా ఉంటే ఎవరూ కదలరు. అందరూ కూర్చుంటే ఇంక ఆటెక్కడ?

ఇప్పుడు గుర్తుపెట్టుకోమన్న రెండూ తీయండి. ఎర్ర చుక్క, చప్పుడు కాని అడుగులు. 2007లో ఈ సిరీస్‌లో ఆ రెండింటినీ మనకి అలవాటు చేసింది ఇన్ఫినిటీ వార్డ్. 2019లో మార్చేసింది అదే ఇన్ఫినిటీ వార్డ్. కోల్డ్ వార్‌లో నింజా పెర్కుగా, ఎర్ర చుక్కగా వాటిని అలాగే ఉంచింది ట్రెయార్క్. "ఒరిజినల్ ఇన్ఫినిటీ వార్డ్ ఆట కావాలి" అనేవాడు ఆడాల్సింది ట్రెయార్క్ ఆట అన్నమాట, నేనన్న పక్క ఇల్లు ఇదే.

ఈ రెండు పద్ధతులు ఒకేచోట గుద్దుకుంటే ఏమవుతుందో వార్‌జోన్‌లో చూశాం. 2020 మార్చిలో మోడర్న్ వార్‌ఫేర్ ఇంజిన్ మీద వచ్చింది వార్‌జోన్, చివరిదాకా మిగిలినవాళ్ళే గెలిచే బ్యాటిల్ రాయల్ ఆట. డిసెంబర్‌లో కోల్డ్ వార్ గన్నులు అందులోకి తెచ్చారు, అవి ట్రెయార్క్ వేరే ఇంజిన్ మీద, 150 హెల్త్ లెక్కలో తయారైనవి. తెచ్చిన కొద్దిరోజులకే డీఎంఆర్ 14 అనే రైఫిల్ తప్ప ఇంకేం కనపడలేదు, ట్రిగ్గర్ ఎంత వేగంగా నొక్కితే అంత వేగంగా, దూరం నుంచి కూడా కొద్దిపాటి హెడ్‌షాట్లతో మనిషి పడిపోయేవాడు, ఎవర్ని చూసినా అదే గన్. జనవరిలో దాని పదును తగ్గిస్తే ఇంకోటి లేచింది. దీన్నంతా సర్దింది రేవెన్, 1990 నుంచి ఉన్న పాత స్టూడియో, ఇద్దరు అన్నదమ్ముల గొడవ తీర్చే పని వాళ్ళ నెత్తిన పడింది. తర్వాత అందరూ ఒకే ఇంజిన్ వాడటం మొదలైంది, ఇప్పుడు తేడాలు కూడా పల్చబడ్డాయి, బ్లాక్ ఆప్స్ 6 లో ట్రెయార్క్ కూడా హెల్త్ 100కే వచ్చింది.

నా మట్టుకు నేను గన్ చేతిలో పట్టుకున్న ఫీలింగ్ కోసం ఇన్ఫినిటీ వార్డ్, ఓడిపోయినా మళ్ళీ ఇంకో మ్యాచ్ పెట్టాలనిపించే రూల్స్ కోసం ట్రెయార్క్ అంటాను. రెండూ ఒకేచోట కావాలనిపించి ఏళ్ళు ఎదురుచూశాను, అది వచ్చింది కూడా, కానీ ఈ ఇద్దరిలో ఎవరి దగ్గర్నుంచీ కాదు. 2023లో స్లెడ్జ్‌హామర్ చేసిన మోడర్న్ వార్‌ఫేర్ 3 (2011 దానిదే పేరు, ఆట వేరు) లో ఇన్ఫినిటీ వార్డ్ గన్నులున్నాయి, 2009 మోడర్న్ వార్‌ఫేర్ 2 తో వచ్చిన 16 మ్యాపులూ ఉన్నాయి, హెల్త్ 150, గన్ పేలిస్తే ఎర్ర చుక్క పడుతుంది. వాటిలో టెర్మినల్ అనే ఎయిర్‌పోర్ట్ మ్యాపులో విమానం ముక్కు దగ్గర ఒకడు వెనకనుంచి నన్ను కొడితే తిరిగి చూసి కొట్టడానికి టైమ్ దొరికింది, పద్నాలుగేళ్ళ తర్వాత అదే మ్యాపులో.